తాత చాకు పాడు చేశా, పెట్టె నిండా చాకులొచ్చాయి

మెట్రో స్టేషన్‌లో బ్యాగ్ స్కానర్ మీద పెట్టా. అందరి బ్యాగులూ బయటికొస్తున్నాయి, నాది మాత్రం రావట్లేదు. స్క్రీన్ ముందు కూర్చున్న మేడమ్ ఒకసారి స్క్రీన్ చూసింది, ఒకసారి నన్ను చూసింది.

"బ్యాగ్‌లో ఏముంది?" అంది.

"లాప్‌టాప్, చార్జర్, టిఫిన్ డబ్బా" అన్నా.

"ఇంకా?"

అప్పుడు గుర్తొచ్చింది. ముందు జిప్‌లో చాకు ఉంది. ముందు రోజు కీసర వైపు వెళ్లినప్పుడు జామకాయలు కోసుకుని, తుడిచి, జిప్‌లో వేసి మర్చిపోయా. వెనకాల ఆఫీసుకి లేటవుతున్న లైన్ మొత్తం నన్నే చూస్తోంది. పక్కనున్న సెక్యూరిటీ అన్న చాకు తీసి, మడత విప్పి, బొటనవేలితో పదును చూశాడు. "ఎందుకు తమ్మీ ఇది?" అన్నాడు. "జామకాయలు కోసుకోడానికి అన్నా" అన్నా. నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది. కానీ ఆయన నవ్వాడు. "మా తాతకు ఉండె గిట్లాంటిదే. కానీ లోపలికి పోనియ్యను. రూల్ రూలే" అన్నాడు. ఆయన చేసింది కరెక్ట్. నేను బయటికొచ్చి బస్సెక్కా.

నమస్తే ఫ్రెండ్స్. వెల్‌కమ్ బ్యాక్. కొత్తగా చూస్తున్నవాళ్లకి చిన్న ఇంట్రో: నేను బీటెక్ చేశా, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశా, ఇప్పుడు దమ్మాయిగూడలో మా ఇంటి పై గదిలో కెమెరా పెట్టుకుని మీతో మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ చాకు. జేబులో పెట్టుకునే మడత చాకు.

ఇదిగో, టేబుల్ మీద ఈ చెక్క పెట్టె చూడండి. ఇందులో 23 గళ్లున్నాయి. 22 గళ్లలో చాకులున్నాయి. ఒక్క గడిలో మాత్రం చాకు లేదు, అమెరికా నాణెం ఉంది. అదెందుకో చివర్లో చెప్తా. స్కిప్ చేయకండి.

ముందే ఒక మాట. నేను కలెక్టర్ అవుదామని అనుకోలేదు. నాకు స్టాంపుల పిచ్చి లేదు, నాణేల పిచ్చి లేదు. స్నీకర్లు కూడా రెండే జతలు. ఇదంతా నేను చేసిన ఒక తప్పుతో మొదలైంది.

మా తాత సంగతి చెప్పాలి. ఇప్పుడు దమ్మాయిగూడ అంటే మీకు అపార్ట్‌మెంట్లు, ప్లాట్ల బోర్డులు, ఈసీఐఎల్ వెళ్లే ట్రాఫిక్ గుర్తొస్తాయి. తాత చెప్పే దమ్మాయిగూడ వేరే. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలకి చాలా పేరు. అనాబ్-ఎ-షాహీ అని పొడుగ్గా, లేత పచ్చగా ఉండే రకం. మార్కెట్లో హైదరాబాద్ ద్రాక్ష అంటే అదే. తాత అలాంటి ఒక తోటలో పనిచేసేవాడు. తోట ఆయనది కాదు. ఆయనది అని చెప్పుకోడానికి ఉన్నది జేబులో చాకు మాత్రమే.

చిన్న చాకు. బ్లేడ్ మూడున్నర అంగుళాలు ఉంటుందేమో. కొమ్ము పిడి, రెండు ఇత్తడి రివెట్లు. బ్లేడ్ నల్లగా, అక్కడక్కడా నీలం బూడిద కలిసిన రంగులో ఉండేది. ఆ చాకుతోనే తీగల్ని పందిరికి కట్టే సుతిలి తెంపేవాడు, గుత్తులు కోసేవాడు. పొద్దున వేపపుల్ల చెక్కేది దానితోనే, మధ్యాహ్నం ఉల్లిగడ్డ కోసేది దానితోనే, సాయంత్రం చుట్ట చివర తుంచేది కూడా దానితోనే. కడగడం అంటే ధోతి అంచుకి రెండుసార్లు రాయడం, అంతే. నాకు ఫస్ట్ క్లాస్‌లో పెన్సిల్ చెక్కింది కూడా ఆ చాకే. షార్పనర్‌తో చెక్కిన పెన్సిల్ నాకు ఇప్పటికీ పెన్సిల్‌లా అనిపించదు.

మన భాషలో చూడండి, తెలివైన పిల్లాడిని "చాకులాంటి కుర్రాడు" అంటాం. ఏదైనా నచ్చితే "కత్తి ఉంది మామా" అంటాం. మాటల్లో కత్తి అంటే మెచ్చుకోలు. జేబులో కత్తి అంటే మాత్రం జనం రెండడుగులు వెనక్కి వేస్తారు. అదెలా మారిందో కూడా మాట్లాడుకుందాం.

తాత పోయాక ఆయన సామాను పంచుకోడానికి ఏమీ లేదు. ఒక గొంగడి, చేతికర్ర, కళ్లద్దాలు, చాకు. చాకు ఎవరూ అడగలేదు. నేనే తీసుకుని డెస్క్ సొరుగులో వేశా. అక్కడే రెండేళ్లు పడుంది.

తర్వాత నా ఉద్యోగం పోయింది. ఒక సోమవారం పొద్దున్నే కాల్, పదిహేను నిమిషాలు, అయిపోయింది. కంపెనీ పేరు అనవసరం, ఆ నెలలో నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో కూర్చున్నా. అప్లికేషన్లు పెడుతున్నా, రిప్లైలు రావట్లేదు. చేతులకి పని లేదు. ఒక రోజు సొరుగు తెరిస్తే తాత చాకు కనిపించింది. తుప్పు పట్టింది. మడత విప్పడానికి కూడా గట్టిగా లాగాల్సి వచ్చింది. "దీన్ని కొత్తదానిలా చేద్దాం" అనుకున్నా.

ఇక్కడే నేను చేసిన వెధవ పని. పది నిమిషాల వీడియో ఒకటి చూసి, తెలిసిన వెల్డింగ్ షాపుకి వెళ్లి, గ్రైండర్ మీద పెట్టా. నిప్పురవ్వలు భలే వచ్చాయి. తుప్పు పోయింది, అంచు తళతళ మెరిసింది. చాలా హ్యాపీ. ఇంటికొచ్చి టమాటా కోశా, వెన్నలా దిగింది. రెండో రోజు దిగలేదు. మళ్లీ నూరా. మళ్లీ ఒక్క రోజే. అప్పుడు లైట్ కింద పెట్టి చూస్తే అంచు పొడుగునా నీలం రంగు గీత ఒకటి ఉంది. ఇంద్రధనుస్సులా అందంగా ఉంది కూడా.

ఆ అందమే చావు అని నాకు తెలీదు.

మా నాయన చూశాడు. చాకు చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు, టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్ల నాయన చేతిలో నలభై ఏళ్లకు పైగా పనిచేసిన వస్తువుని నేను నాలుగు నిమిషాల్లో చంపేశా.

కీసర వైపు ఒక ఊర్లో ఇంకా కొలిమి నడుపుతున్న పెద్దాయన ఉన్నాడని ఎవరో చెప్తే వెళ్లా. కొడవళ్లు, గొడ్డళ్లు చేసే కమ్మరి. ఇప్పుడు ఎక్కువగా గేట్లకి గొళ్లాలు చేస్తున్నాడు. చాకు చూపించా. చూడగానే అన్నాడు:

"నీలం ఎక్కింది. గ్రైండర్ మీద పెట్టినవా?"

"పెట్టిన తాతా."

"నీళ్లల్ల ముంచినవా మధ్యమధ్యల?"

"లేదు."

"మరింకేంది. అంచు మెత్తవడ్డది."

నాకు అప్పుడు అర్థమైన సైన్స్ సింపుల్‌గా చెప్తా. ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే చాలా గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. అందుకే దాన్ని మళ్లీ మెల్లగా, 200 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేస్తారు. అప్పుడు గట్టిదనం కొంచెం తగ్గి, విరగకుండా తట్టుకునే గుణం వస్తుంది. ఆ వేడికి ఉక్కు మీద లేత గడ్డి రంగు వస్తుంది. వేడి ఇంకా పెరిగి 300 డిగ్రీల దగ్గరికి పోతే నీలం వస్తుంది. అంటే ఇప్పుడు అది కమాన్ పట్టీలా వంగుతుంది తప్ప పదును నిలుపుకోదు. గ్రైండర్ కింద సన్నటి అంచు ఒక్క సెకనులో ఆ వేడికి చేరుతుంది. ఎవరో పెద్దాయన ఏళ్ల క్రితం కొలిమి రంగు చూసి సెట్ చేసిన సెట్టింగ్‌ని నేను ఫ్యాక్టరీ రీసెట్ కొట్టా.

"మళ్లీ కాల్చి ఇయ్యరాదా?" అని అడిగా.

"పిడి ఇప్పాలె. కొమ్ము పాతది, పలుగుతది. ఎందుకు? చచ్చింది అంచొక్కటే, లోపటి ఉక్కు మంచిగనే ఉంది. రాయి మీద నూరు. వాడు. మళ్లీ నూరు. అరిగి అరిగి మంచి ఉక్కు పైకొస్తది. ఏడాది పట్టొచ్చు."

నేను ఏం చెప్పాలో తెలియక నిలబడ్డా. ఆయన పక్కనున్న ఇనుప సామాను డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చాకు తీశాడు. పిడి సగం లేదు. "ఇది తీస్కపో. దీని మీద నేర్సుకో. మీ తాతది మీద కాదు" అన్నాడు. చేతికివ్వలేదు, దిమ్మె మీద పెట్టాడు. మనకి తెలుసు కదా, కత్తి, సూది, ఉప్పు చేతికివ్వరు. నేను అక్కడి నుంచి తీసుకున్నా.

అది రెండో చాకు. కొన్నది కాదు, వెతికింది కాదు. తప్పు చేసినందుకు దొరికింది.

ఇంటికొచ్చి మొదటిసారి "ఉక్కు" అనే మాట గురించి చదివా. ఇది విని మీరు పాజ్ చేసి ఇంకోసారి వింటారు. ప్రపంచ లోహశాస్త్రంలో "వూట్జ్" అనే ఫేమస్ ఉక్కు పేరుంది. ఆ పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని చెప్తారు. కన్నడలోనూ ఉక్కే, తెలుగులోనూ ఉక్కే. ఆ ఉక్కు చేసిన పేరున్న ఊళ్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూసేసి, గంటల తరబడి కరిగించి ముద్దలు తీసేవాళ్లు. ఆ ముద్దల కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం వచ్చేవాళ్లు. హెన్రీ వాయ్సీ అనే ఆయన అక్కడ చూసి రాసింది 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తులు అంటూ ప్రపంచం చెప్పుకునేవాటి వెనక ఇలాంటి దక్షిణ భారతపు ఉక్కు ముద్దలున్నాయి.

ఇంకా మజా ఏంటంటే, ఆ ఉక్కు శాంపిల్స్ బొంబాయి నుంచి లండన్ వెళ్లాయి. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీలో పేపర్ చదివాడు. అప్పుడు టెస్ట్ కోసం జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు దాంతో ఏం చేశాడో తెలుసా? యుద్ధ ఖడ్గం కాదు. పెన్ నైఫ్. జేబు చాకు! తర్వాత ఇదే స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. అవును, మన ఫిజిక్స్ పుస్తకంలో ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి. బీటెక్‌లో ఫారడే లా మీద పది మార్కుల ఆన్సర్ రాశా, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మా తాత చాకు ఆ ఉక్కు కాదు, క్లియర్‌గా చెప్తున్నా. కమ్మరి తాత చూసి "లారీ కమాన్ పట్టీది అయ్యుంటది" అన్నాడు. ఊళ్లలో చాలా కత్తులకి అదే ముడిసరుకు. నాకు అది తక్కువ అనిపించలేదు. ఏ లారీ ఎన్ని ఊళ్లు తిరిగి మా తాత జేబులోకొచ్చిందో.

సరే, మూడో చాకు నుంచి ఇరవై మూడో చాకు దాకా ఎలా వచ్చాయి? జనం ఇచ్చారు, అంతే. నేను గేటు దగ్గర అరుగు మీద కూర్చుని రాయి మీద నూరుతుంటే, కాలనీలో వాళ్లు ముందు వంటింటి కత్తులు తెచ్చారు. తర్వాత "మా ఇంట్లో కూడా ఒక పాతది ఉంది, తుప్పు పట్టింది, చూస్తావా?" అన్నారు. నూరి ఇస్తే "నువ్వే ఉంచుకో, మా పిల్లలు ఎవరు వాడతారు" అన్నారు. ఐదు అయ్యాయి. పది అయ్యాయి. ఒక రోజు మా అమ్మ "ఇంట్లో ఇన్ని కత్తులేందిరా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటరు" అంది. అప్పుడు లెక్కపెట్టుకున్నా. అర్రే, నేను కలెక్టర్ అయిపోయా.

అప్పుడొక రూల్ పెట్టుకున్నా. ఏ చాకు తీసుకున్నా ఒకే ప్రశ్న అడగాలి: "ఇది ఏం కోసింది?" ఆన్సర్ చీటీ మీద రాసి చాకు కింద పెట్టాలి. కొన్ని చీటీలు చదువుతా.

నాచారంలో ఒక మంగలి కాకా ఇచ్చిన మడత కత్తి. పాత పొదిలోది. చీటీ: "మూడు తరాల గడ్డాలు. ఒక పెండ్లికొడుకుని పెండ్లి పొద్దుననే కోసిన, ఇప్పటికీ కనపడితే గుర్తు చేస్తడు." కస్టమర్లు కొత్త బ్లేడ్ అడగడం మొదలుపెట్టాక ఈ కత్తి పక్కన పెట్టేశాడు. అది మంచి మార్పే, ఎవరి సేఫ్టీ వాళ్లకి ముఖ్యం. కానీ ఈ కత్తి చూడండి, ఇందులో స్ప్రింగ్ లేదు, లాక్ లేదు. రెండు పిడి చెక్కల మధ్య బిగువు మీదే నిలబడుతుంది. మడత కత్తుల్లో అతి పాత డిజైన్ ఇలాంటిదే.

జపాన్‌లో కూడా ఇలాంటి పద్ధతిలో చేసేది ఒకటుంది, హిగోనోకామి అంటారు. మికి అనే ఊరు దానికి ఫేమస్. అక్కడ బడిపిల్లలందరి దగ్గరా ఉండేది, పెన్సిళ్లు చెక్కుకోడానికి. 1960లో అసనుమా అనే రాజకీయ నాయకుడిని స్టేజీ మీదే ఒక కుర్రాడు పొడిచి చంపాడు. వాడింది హిగోనోకామి కాదు, పొట్టి ఖడ్గం. అయినా ఆ తర్వాత పిల్లల చేతికి కత్తి ఇవ్వొద్దని ఉద్యమమే నడిచింది. పెన్సిల్ చాకులు కూడా బడి నుంచి పోయాయి.

ఇంకొకటి, ఫ్రాన్స్‌కి ఆన్‌సైట్ వెళ్లొచ్చిన ఫ్రెండ్ తెచ్చిన ఒపినెల్. 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన సవోయ్ కొండల్లో మొదలుపెట్టాడు. చెక్క పిడి, దాని మెడ దగ్గర తిప్పితే లాక్ అయ్యే రింగు. ఆ రింగు 1955లో వచ్చింది. చీటీ: "ఆరు నెలల పాటు హాస్టల్ కిచెన్‌లో ఉల్లిగడ్డలు. ఒకసారి బర్త్‌డే కేకు." ఇంకో ఫ్రెండ్ ఇచ్చిన స్విస్ చాకు. వాళ్ల కంపెనీ కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో పెట్టిన వర్క్‌షాప్. తర్వాత తల్లి పేరు విక్టోరియా, స్టెయిన్‌లెస్ ఉక్కుకి ఉన్న ఇనాక్స్ అనే పేరు, రెండూ కలిపి విక్టోరినాక్స్ అయింది. అమ్మ పేరు కత్తి మీద పెట్టుకున్న కొడుకు. చీటీ మాత్రం: "అమెజాన్ డబ్బాలు." నవ్వకండి, నిజం చెప్పాడు వాడు.

పెన్ నైఫ్‌లో పెన్ ఎందుకుందో కూడా చెప్పేస్తా. ఈక కలాల మొన చెక్కడానికి వాడేవాళ్లు, అందుకు. మన దక్షిణాదిలో తాటాకు మీద రాసేవాళ్లకి గంటం, చిన్న కత్తి రెండూ ఒకే పిడిలోకి మడిచేలా చేసినవి ఉండేవి, మ్యూజియంలలో కనిపిస్తాయి. ఆకు కత్తిరించేదీ అదే, అక్షరం గీసేదీ అదే. సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్తే జేడ్ గది వదలకండి. నూర్జహాన్‌దని చెప్పే చాకు ఒకటుంది, రాళ్లు పొదిగింది. మహారాణి కత్తి అనగానే యుద్ధం అనుకుంటాం. అది పండ్లు కోసుకునే చాకు. మా తాతకి, నూర్జహాన్‌కి ఒక్క కామన్ పాయింట్ దొరికింది.

ఇప్పుడు సీరియస్ పార్ట్. లాస్ట్ టైమ్ నేను ఒక షార్ట్ పెడితే దాని కింద ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, బటన్ కత్తి ఎక్కడ దొరుకుద్ది? రీల్ తీయాలి." ఇంకొకడు: "జేబులో ఉంటే ధైర్యం కదా అన్నా."

తమ్ముడూ, నీకే చెప్తున్నా. జుమ్మేరాత్ బజార్‌లో ఒకాయన నాకు పాత రాంపురీ చూపించాడు. పొడుగు బ్లేడ్, నొక్కితే టక్కున తెరుచుకుంది. ఆ సౌండ్‌కి నా గుండె కూడా టక్కుమంది, అబద్ధం ఎందుకు. రాంపూర్ ఉత్తరప్రదేశ్‌లో ఊరు, చాకుల పనితనానికి నవాబుల కాలం నుంచి పేరు. తర్వాత సినిమాల్లో విలన్ల చేతికొచ్చింది, పొడుగు బ్లేడ్ల మీద ఆంక్షలొచ్చాయి, పని పోయి చాలామంది కారిగర్లు వేరే పనులకి వెళ్లారు. ఇప్పుడు ఆ ఊరి చౌరస్తాలో 20 అడుగుల చాకు విగ్రహం ఉంది. ఆ రోజు అమ్మేవాడిని నా ప్రశ్న అడిగా: "ఇది ఏం కోసింది?" ఆయన కన్ను కొట్టి నవ్వాడు. నేను కొనలేదు. ఆ ప్రశ్నకి ఆన్సర్ లేని కత్తి నా పెట్టెలో వద్దు.

చట్టం సంగతి కూడా వినండి. ఆయుధాల చట్టం 1959లోది. దాని కింద ఉన్న రూల్స్ ప్రకారం బ్లేడ్ 9 అంగుళాల కన్నా పొడుగ్గా గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పుగా గానీ ఉన్న కత్తులు ఆయుధాల లిస్టులోకొస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, సైన్స్‌కి, పరిశ్రమలకి చేసినవాటికి మినహాయింపు ఉంది. నా పెట్టెలో ఏ బ్లేడూ 4 అంగుళాలు దాటదు. అలాగని చిన్నది కాబట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు అనుకోకండి. మెట్రో, ఎయిర్‌పోర్ట్ హ్యాండ్ బ్యాగేజ్, సినిమా హాల్, కాలేజీ, మీటింగులు, ఎక్కడా వద్దు. గొడవ జరిగిన చోట నీ జేబులో దొరికితే దాని సైజు ఎవరూ కొలవరు. ధైర్యం కోసం అయితే అసలే వద్దు. జేబులో కత్తి ఉన్నవాడు పారిపోవాల్సిన చోట ఆగిపోతాడు. అదే ప్రమాదం.

మా తాత యాభై ఏళ్లు జేబులో చాకుతో తిరిగాడు. ఎవరూ భయపడలేదు, ఎందుకంటే అది రోజుకి పదిసార్లు అందరి ముందే బయటికొచ్చేది, ఉల్లిగడ్డ కోయడానికి. దాచిపెట్టే కత్తికే జనం భయపడతారు. అందుకే నా చాకులు కూడా దాచను. పెట్టె హాల్లో ఉంటుంది, తాళం వేసి. ఎవరొచ్చినా తీసి చూపిస్తా, చీటీలు చదువుతా.

ఇంట్లో పాత చాకు ఉన్నవాళ్లకి నాలుగు మాటలు. ఒకటి, గ్రైండర్ వద్దు. నా చాకు మీద ఒట్టు. వెయ్యి గ్రిట్ నీటి రాయి ఒకటి చాలు. రెండు, యాంగిల్ తెలియట్లేదా? బ్లేడ్ రాయి మీద నిటారుగా పెడితే 90. సగం వంచితే 45. ఇంకో సగం వంచితే 22 దరిదాపు. అక్కడ ఆగి, అదే వంపులో మెల్లగా నూరండి. అంచుకి అవతలి వైపు సన్నటి గరుకు తగిలితే రెండో వైపు తిప్పండి. మూడు, నల్లగా అయిన బ్లేడ్‌ని తోమి తోమి తెల్లగా చేయకండి. కార్బన్ ఉక్కు మీద మామిడి, నిమ్మ, ఉల్లి పులుపుకి వచ్చే ఆ ముదురు రంగు తుప్పుకి అడ్డం. ఎర్ర తుప్పు మాత్రం తీసేయాలి. నాలుగు, వాడాక పొడిగా తుడిచి, కీలు దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషన్ ఆయిల్ వేయండి. అంతకన్నా ముఖ్యం, వాడండి. సొరుగులో రెండేళ్లుంటే ఏమైందో చెప్పా కదా.

కమ్మరి తాత చెప్పినట్టే చేశా. రోజూ వాడా. పొద్దున జామకాయ, మధ్యాహ్నం మామిడికాయ, వారానికోసారి రాయి. నెలనెలా నీలం గీత సన్నబడుతూ వచ్చింది. ఆ టైమ్‌లోనే ఈ వీడియోలు మొదలుపెట్టా, తర్వాత ఒక పార్ట్ టైమ్ పని కూడా దొరికింది. దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజకి ఒకప్పుడు తాత చాకు, పార, కొడవలి పెట్టేవాళ్లు. ఈసారి నా లాప్‌టాప్, మా నాయన బండి తాళం పెట్టారు. మా నాయన లోపలికెళ్లి తాత చాకు తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టాడు. బొట్టు పెట్టాడు. తర్వాత నిమ్మకాయ తీసుకుని దానితోనే కోశాడు. ఒక్క గీత, రెండు చెక్కలు. అంచు కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. "ఆగుతుందా పదును?" అన్నాడు. "నెల నుంచి ఆగుతుంది నాయినా" అన్నా. తల ఊపి, చాకు మడిచి, తన జేబులో వేసుకున్నాడు. ఆ రోజంతా ఇవ్వలేదు. రాత్రి తెచ్చి పెట్టెలో పెట్టాడు.

ఇక ఆ నాణెం సంగతి.

మా కాలనీలో ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సార్ ఉండేవారు. ఆయన ఇచ్చిన చాకు మీద రోడ్జర్స్, షెఫీల్డ్ అని ముద్ర, పక్కన నక్షత్రం, శిలువ గుర్తు. ఇంగ్లండ్ సరుకు. ఇస్తూ ఆయన అన్నారు, "చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగిపోతుందంటారు. రూపాయి ఇవ్వు, కొన్నట్టవుతుంది." ఇచ్చా. చీటీ: "పిల్లల పెన్సిళ్లు. ఒక్కో క్లాసుకి నలభై. ముప్పై ఏళ్లు." నా పెట్టెలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చీటీ అదే. పోయిన ఏడాది సార్ పోయారు.

డిసెంబర్‌లో వాళ్ల అమ్మాయి అమెరికా నుంచి వచ్చారు. ఇల్లు ఖాళీ చేస్తున్నారు. నా గేటు దగ్గర నిలబడి, "నాన్న చాకు మీ దగ్గర ఉందట. ఒకసారి చూడొచ్చా?" అన్నారు. తీసి చూపించా. ఆమె విప్పలేదు, పిడిని వాసన చూశారు. తర్వాత చీటీ చదివారు. చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నిజం చెప్తా, నాకు ఇవ్వాలని లేదు. సార్ నాకిచ్చారు, నేను రూపాయి ఇచ్చా, తుప్పు తీశా, నెలల తరబడి నూరా. నాది అనిపించింది. కానీ నేను అందరినీ అడిగే ప్రశ్న నాకే తగిలింది. ఆ చాకు చెక్కిన మొదటి పెన్సిళ్లు ఎవరివి? ఆమెవి. నేను ఎవర్ని మరి?

చాకు టేబుల్ మీద పెట్టా, చీటీతో సహా. "తీసుకోండి అక్కా. కానీ ఊరికే ఇవ్వకూడదు, రూపాయి ఇవ్వండి" అన్నా. ఆమె పర్సు మొత్తం వెతికారు. రూపాయి లేదు. ఒక క్వార్టర్ నాణెం దొరికింది. అది టేబుల్ మీద పెట్టి, చాకు తీసుకున్నారు. "చెక్ ఇన్ బ్యాగ్‌లో పెట్టండి, హ్యాండ్ బ్యాగ్‌లో వద్దు" అని నేనంటే, ఏడుస్తున్నావిడ నవ్వారు. పోయిన వారం ఒక ఫోటో పంపారు. ఆమె కొడుకు, ముందు ఒక పెన్సిల్, చుట్టూ చెక్కిన పొట్టు. పెన్సిల్ వంకరగా చెక్కాడు, పర్లేదు.

అదీ ఆ గడి కథ. అందులో వేరే చాకు పెట్టను. ఇంకెవరైనా వచ్చి అడిగినా ఇస్తా. అలా పెట్టె మొత్తం నాణేలతో నిండినా నాకు ఓకే.

మీ ఇంట్లో కూడా ఒక చాకు ఉంటుంది. తాతదో, నానమ్మదో, ఏదో డబ్బాలో తుప్పు పడుతూ. ఈ ఆదివారం తీయండి. ఎవరిదో వాళ్లు ఉంటే, ఇది ఏం కోసిందని అడగండి. వాళ్లు లేకపోతే గుర్తున్నవాళ్లని అడగండి. ఆన్సర్ కింద కామెంట్లలో రాయండి, నేను అన్నీ చదువుతా. చాకు మాత్రం నాకు పంపకండి, మీ దగ్గరే ఉంచుకుని ఒక జామకాయ కోయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా వేళ్లు జాగ్రత్త. నమస్తే.